చింతగింజలతో వయొలిన్ నేర్పినదాన్ని

వయొలిన్ టీచర్లుగా కొత్తగా చేరిన ఇద్దరు ముగ్గురు ఈమధ్య మా ఇంటికి వచ్చి, "మీ అనుభవాలు చెప్పండి మేడమ్" అన్నారు. నేను నోరు తెరవగానే ఫోన్లు తీసి రికార్డింగు పెట్టారు. ఫోను ముందు నాకు మాట రాదు. అందుకని రాసి ఇస్తానన్నాను. రాయాలన్నా ఒకచోట కూర్చోవాలి కదా అని అప్పుడు తోచలేదు. ఈ నాలుగు వాక్యాలకే రెండుసార్లు లేచి వరండాలోకి వెళ్లొచ్చాను.

నా పేరు కనకమహాలక్ష్మి. అందరూ కనకం అంటారు. మా నాన్నకి ఆమదాలవలసలో కిరాణా కొట్టు ఉండేది. నేను రోజూ అక్కణ్ణించి రైల్లో విజయనగరం వెళ్లి, ఒక సంగీత పాఠశాలలో ముప్ఫై ఏళ్ల పైచిలుకు వయొలిన్ చెప్పి రిటైరయ్యాను. పాఠశాల పేరు రాయను. అక్కడ నా గదిలో జరిగిన తప్పులు నావే, వాటికి పాఠశాలను బద్నాం చేయడం న్యాయం కాదు. ఏ ప్రమోషను ఎప్పుడు వచ్చిందో, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఎన్నాళ్లు నిద్రపోయిందో కూడా రాయను. అవి మీకు పనికిరావు, నాకూ పనికిరాలేదు.

ఒక్క సాధన గురించే రాస్తాను. వయొలిన్ మొదలుపెట్టిన పిల్లల్లో చాలామంది రెండేళ్లకే మానేస్తారు. కష్టమని మానేస్తారని మనం అనుకుంటాం. కష్టానిదేముంది, సైకిలు నేర్చుకోవడమూ కష్టమే, మోకాలు చీరుకుపోయినా మళ్లీ ఎక్కుతారు. వయొలిన్ పెట్టె తెరవాలంటే దిగులు మొదలవుతుంది కనక మానేస్తారు. ఆ దిగులు వాళ్లతో పుట్టింది కాదు, మనం పెట్టింది. నేను పెట్టాను. ఒక అమ్మాయికి వయొలిన్ అంటేనే చెయ్యి బిగుసుకుపోయేలా చేశాను. ఆ అమ్మాయి మళ్లీ వయొలిన్ కమాను పట్టుకుంటుందా లేదా అన్న ఆందోళనతోనే నా ఉద్యోగంలో చివరి ఏళ్లు గడిచాయి.

మా మాస్టారి గింజలు

మా మాస్టారు విజయనగరం కోట పక్క సందులో ఉండేవారు. కోపిష్ఠి కాదు. ఒక్కనాడూ చెయ్యి చేసుకోలేదు, గట్టిగా కేకలేసింది కూడా లేదు. ఆయన దగ్గర ఒక ఇత్తడి గిన్నె, అందులో నలభై చింతగింజలు ఉండేవి. చాప మీద మనకి ఎడమపక్కన వాటిని పోసేవారు. సరళి వరస ఒకటి తప్పు లేకుండా వాయిస్తే ఒక గింజ కుడిపక్కకి జరపాలి. నలభై గింజలూ కుడిపక్కకి చేరితే ఆ రోజుకి పాఠం అయినట్టు.

ఇందులో ఒక మెలిక ఉంది. మధ్యలో ఎక్కడ స్వరం తప్పినా కుడిపక్కకి చేరిన గింజలన్నీ వెనక్కి వచ్చేయాలి. ఆయన గిన్నెతో అలా ఎడమవైపుకి తోసేసేవారు, అంతే. మళ్లీ ఒకటో గింజ.

ఇరవై దాకా హాయిగా ఉండేది. ముప్ఫై దాటిందంటే అరచేతుల్లో చెమట. ఎడమచేతి బొటనవేలు వయొలిన్ మెడని నొక్కేసేది. తెలియకుండానే ఊపిరి బిగబట్టేదాన్ని. ఊపిరి బిగబడితే కమాను వణుకుతుంది, కమాను వణికితే స్వరం జారుతుంది. ముప్ఫై ఎనిమిదో గింజ దగ్గర తప్పిన రోజులు నాకు చాలా ఉన్నాయి. అంతసేపు బాగా వాయించిందంతా ఒక్క తప్పుతో ఏమీ వాయించనట్టు అయిపోయేది.

విద్య రాలేదని అనను. వచ్చింది. అందుకే ఆ పద్ధతి గొప్పదనుకున్నాను. దెబ్బలు తిని చదువుకున్నవాళ్లందరూ ఆ దెబ్బల వల్లే చదువు వచ్చిందనుకుంటారు. అవి తగలకపోతే ఇంకా బాగా వచ్చేదేమో అన్న ఆలోచన ఎవరికీ రాదు. ఒక్క మాట మాత్రం నిజం చెప్తాను. ఉద్యోగానికి ముందు గానీ తర్వాత గానీ, వాయించాలనిపించి నేను వయొలిన్ తీసిన రోజు ఒక్కటీ గుర్తులేదు. తీయాలి కనక తీశాను.

ఉద్యోగంలో చేరిన మొదటి వారమే మా నాన్న కొట్లోంచి చింతగింజలు ఏరి, కడిగి, ఎండబెట్టి, చిన్న చిన్న గుడ్డ సంచుల్లో నలభయ్యేసి చొప్పున పోసుకుని తీసుకెళ్లాను. పిల్లలు చాటుగా నన్ను గింజల టీచరు అనేవారు. నాకు తెలుసు. తెలిసి గర్వపడ్డాను.

రాజేశ్వరి

రాజేశ్వరిది పొందూరు. తల్లీ తండ్రీ చెన్నైలో భవనాల పనికి వెళ్లారు, ఈ పిల్లని అమ్మమ్మ సూరమ్మ పెంచింది. అమ్మమ్మ రాట్నం మీద నూలు వడికేది. రాజేశ్వరికి పంతొమ్మిదేళ్లు. డిప్లొమా పాసైతే ఏదో ఒక స్కూల్లో సంగీతం టీచరుగా చేరవచ్చు. లేదంటే అమ్మానాన్నల దగ్గరికే వెళ్లి ఇటుకలు మోయాలి. ఆ పిల్లకి మూడో దారి లేదు, ఆ సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

మేమిద్దరం ఒకే పాసింజరులో వెళ్లేవాళ్లం. నేను ఆమదాలవలసలో ఎక్కితే తను పొందూరులో ఎక్కేది. సీటు దొరికినా దొరక్కపోయినా కుడి ముంజేతి మీద ఎడమచేతి వేళ్లతో స్వరాలు వేసుకుంటూ తనలో తను పాడుకునేది. చేరిన కొత్తలో తనకి ఒక అలవాటు ఉండేది. స్వరం తప్పితే నవ్వేది. సిగ్గుతో కాదు, దారిలో తెలిసినవాళ్లు ఎదురైతే నవ్వినట్టు. నాకు ఒళ్లు మండేది.

"తప్పు వాయించి నవ్వుతావేటి?" అని ఒకరోజు గట్టిగానే అడిగాను.

"అలగ వచ్చేసింది టీచర్," అంది.

"నవ్వు రావడానికి ఇదేమైనా తిరణాలా? గింజలు వెనక్కి తొయ్యి."

ఏడాది తిరిగేసరికి ఆ నవ్వు మానేసింది. అభివృద్ధి కనిపిస్తోందని నేను రిజిస్టరులో రాశాను. ఇది రాసి ఇప్పుడు మళ్లీ లేచి వెళ్లొచ్చాను.

డిప్లొమా పరీక్ష మూడు నెలలుందనగా గింజలు నలభై నుంచి నూట ఎనిమిది చేశాను. వర్ణం ఒక్కొక్క భాగం నూట ఎనిమిది సార్లు, తప్పితే మొదటికి. పాఠశాలలో ఒక విడత, ఇంటికెళ్లాక ఇంకో విడత. పిల్ల భవిష్యత్తు కోసమే చేస్తున్నానని నమ్మాను. ఆ నమ్మకంలో అబద్ధం లేదు, అదే నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. చెడ్డ ఉద్దేశంతో చేసుంటే ఎప్పుడో ఒకప్పుడు ఆగి ఆలోచించేదాన్నేమో.

ఒకరోజు ఎడమ బొటనవేలికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. ఏమైందన్నాను. "ఏటీ లేదు టీచర్, కత్తిపీట తగిలింది," అంది. గుడ్డ మీద నెత్తుటి మచ్చ లేదు. చూశాను, చూసి ఊరుకున్నాను. నమ్మడం నాకు సులువుగా ఉంది కనక నమ్మాను.

ఆ తర్వాత వారంలోనే జరిగింది. వర్ణం రెండో భాగం, నూరు గింజలు దాటాయి. గదిలో నేనూ తనూ తప్ప ఎవరూ లేరు. నూట రెండో నూట మూడో, ఉన్నట్టుండి వాయిద్యం ఆగిపోయింది. ఎడమచెయ్యి వయొలిన్ మెడ చుట్టూ బిగుసుకుపోయింది. వదులు చెయ్యమంటే వదలడం లేదు, తన చెయ్యి తన మాట వినడం లేదు. కళ్లు పెద్దవి చేసుకుని దాన్నే చూస్తోంది. నేను పక్కన కూర్చుని ఒక్కొక్క వేలూ విడదీశాను. చల్లగా ఉన్నాయి వేళ్లు. అన్నీ విడదీశాక, మంచినీళ్లు తాగుతావా అని అడగవలసిన నేను ఏమన్నానో తెలుసా?

"గింజలు వెనక్కి తొయ్యి," అన్నాను.

తోసింది, కుడిచేత్తో. ఒక్కటీ మిగలకుండా. తర్వాత వయొలిన్ పెట్టెలో పెట్టుకుని వెళ్లింది. మర్నాడు పొందూరు స్టేషన్లో బండి ఎక్కలేదు. ఆ మర్నాడూ ఎక్కలేదు.

పొందూరులో దిగిన రోజు

వారం రోజులు ఓపిక పట్టాను. నా మట్టుకు వారం అంటే ఏడాది. ఎనిమిదో రోజు సాయంత్రం తిరుగు బండిలో పొందూరులో దిగిపోయి, దారి అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను.

సూరమ్మగారు వసారాలో రాట్నం ముందు ఉంది. ఆవిడ వెనక రాజేశ్వరి వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వుతోంది. ఆ ఎముక పళ్లు సన్నగా ఉంటాయి, దూదిలో పొట్టూ గింజ తునకలూ దానికి చిక్కుకుని వచ్చేస్తాయి. పొందూరులో ఇప్పటికీ అలాగే చేస్తారు. నన్ను చూడగానే రాజేశ్వరి లేచి నిలబడింది. ఎడమచెయ్యి చీర చెంగు కిందికి పోయింది.

"నువ్వేనేటి గింజల టీచరమ్మవి? కూకో," అంది పెద్దావిడ రాట్నం ఆపకుండానే.

"పరీక్ష దగ్గరికొచ్చేసిందమ్మా. పిల్ల మానేస్తే ఎలాగ?"

"పరీచ్చ మాట తర్వాత. సెయ్యి రావొద్దేటి ముందు? సిక్కోలు తీసుకెల్లి డాట్రుబాబుకి సూపించినాం. నరాలు బిగిసిపోనాయి, నెల్లాళ్లు ఆ కర్ర ముట్టుకోవద్దని సెప్పినాడు."

నా బుద్ధి ఎలాంటిదంటే, అప్పటికీ తగ్గలేదు. "ఒక్కసారి నా ఎదురుగా వాయించమనండి. ఎక్కడ పట్టేస్తోందో చూస్తాను," అన్నాను.

ఆవిడ నా కాలు ఊగడం, నా వేళ్లు హ్యాండ్‌బ్యాగు మీద తాళం వేయడం చూసింది కాబోలు. "ఇలగ రా. ఊరికే కూకోలేవు గానీ ఇది తిప్పు," అని పక్కకి జరిగి రాట్నం నా ముందుకు తోసింది.

కాదనలేక కూర్చున్నాను. కుడిచేత్తో చక్రం, ఎడమచేతిలో ఏకు, అంటే దువ్విన దూది చుట్ట. రెండు జానల నూలు వచ్చిందో లేదో తెగింది. ఆవిడ అతికి ఇచ్చింది. మళ్లీ తెగింది. నాకు పౌరుషం వచ్చింది, ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఇంకా తొందరగా తెగింది.

"ఆరు," అన్నాను పైకే.

"ఏటది?"

"ఆరుసార్లు తెగింది."

"తెగితే అతుకు. లెక్కెందుకు?"

ఏడోసారి తెగేసరికి విసుగొచ్చి, "ఉండండి, మొదట్నించీ వడుకుతాను," అంటూ కదురు మీద చుట్టుకున్న నూలంతా విప్పబోయాను. పెద్దావిడ నా చెయ్యి పట్టేసుకుంది.

"ఓలమ్మ, అలగ ఇప్పేత్తన్నావేటి? బాగున్న నూలు నీకేటి సేసినాది? తెగిన కాడ అతుక్కుని ఎల్లిపోవాల గానీ, తెగిందని కదురంతా ఇప్పుకుంటారేటి ఎవులైనా? అలగైతే నా జల్మకి ఒక్క పంచెకైనా నూలు వచ్చునా?"

ఆవిడ నూలు గురించే అంది. నా గింజల సంగతి పూర్తిగా తెలిసి అన్న మాట కాదది. కానీ నాకు చెంప మీద కొట్టినట్టయింది. తెగినచోట అతుక్కోవడం అనే మాట మా మాస్టారు నాకు చెప్పలేదు, నేను ఎవరికీ చెప్పలేదు. తప్పిన స్వరం ఒక్కటైతే, దాని ముందు బాగా పలికిన వందా విప్పించేశాను. ముప్ఫై ఏళ్లూ పిల్లల చేత కదురు విప్పిస్తూనే ఉన్నాను.

"ఇంకోటి," అంది ఆవిడ ఏకు నా వేళ్లలో సర్దుతూ. "నువ్వు లాగకు. సెయ్యి బిగబట్టి లాగితే తెగిపోతాది. రాట్నం దాని పని అది సేసుకుంటాది, నువ్వు వదులుతూ ఉండు."

రాజేశ్వరి ఇదంతా నిలబడే చూసింది. వెళ్లేటప్పుడు అడిగాను. "చెయ్యి నయమయ్యాక వస్తావా?"

"రాను టీచర్."

"ఎందుకని?"

"మీ బండి కూత ఇంటే సెయ్యి బిగిసిపోతంది."

కోపంగా అనలేదు. డాక్టరుకి నొప్పి ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది. అప్పుడు ఆ పిల్లతో అనవలసింది ఒక్క మాట ఉంది. దాని బదులు "హాల్ టికెట్ వచ్చేసింది కదా," అన్నాను. సూరమ్మగారు తల తిప్పేసుకుంది. నేను స్టేషనుకి వచ్చేశాను.

ఆ ఏడు రాజేశ్వరి పరీక్షకి రాలేదు. చెన్నై వెళ్లిపోయిందని ఎవరో అన్నారు.

చప్పుడు లేని గది

మర్నాడు సంచులన్నీ తీసుకెళ్లి పాఠశాల వెనక పారబోశాను. వానలకి నాలుగైదు మొలిచాయి. చూసి మురిసిపోయేంత తీరిక నాకు లేదు, ప్రహరీ గోడ పాడవుతుందని పీకించేశాను.

గింజలు పోయాయి గానీ వాటి బదులు ఏం చేయాలో తెలియదు. మొదట తోచింది ఒక్కటే. తప్పితే ఆగి, చెయ్యి దులుపుకుని, తప్పిన చోట ఆ రెండు స్వరాలూ నెమ్మదిగా అతుక్కుని ముందుకి వెళ్లిపోమనడం. ఒక్కొక్కప్పుడు వయొలిన్లు ఒళ్లో పెట్టించి, కళ్లు మూయించి, మనసులోనే శ్రుతి వినమనేదాన్ని. అలాంటప్పుడు గదిలోంచి చప్పుడు వచ్చేది కాదు.

మా పెద్దాయనకి, అంటే పాఠశాల అధికారికి, రోజూ వరండాలో నడుస్తూ గదుల్లో చప్పుళ్లు వినే అలవాటు. సంగీతం తెలియదు ఆయనకి. చప్పుడుంటే పాఠం జరుగుతున్నట్టు, లేకపోతే లేనట్టు.

"కనకంగారూ, ఏటి మీ గది నిద్దరోతన్నాది?"

"పిల్లలు చేతులు వదులు చేసుకుంటున్నారు సార్."

"అది ఇంటికాడ సేసుకోమనండి. ఇక్కడ వాయించమనండి."

"సార్, మీరు స్కూటరు నడిపినంతసేపూ హారన్ నొక్కుతారా?"

పదిహేను రోజులు మా వరండా వైపు రాలేదు. ఆయన చెడ్డవాడు కాదు. చెవికి వినపడేదీ కంటికి కనపడేదీ తప్ప పని కాదనుకునే పై అధికారులు మీకూ దొరుకుతారు. వాళ్లతో నాలా మాట్లాడకండి. కానీ ఆ చప్పుడు లేని పది నిమిషాలు మాత్రం వదులుకోకండి.

నిజానికి నాకు పెద్దాయనతో కంటే నాతోనే ఎక్కువ గొడవ. పిల్లల్ని వదులుగా ఉండమంటాను, నా కాలేమో ఊగుతూ ఉంటుంది, నా కనుబొమలు ముడిపడి ఉంటాయి. ఒక చిన్న పిల్ల ధైర్యం చేసి చెప్పింది. "టీచర్, మీ కాలు అలగ ఊగుతుంటే నాకు కంగారొస్తంది." నాకు సర్రున కోపం వచ్చింది, కానీ పిల్ల మాట నిజం. భయం మాటల్లోంచి పోయినా మన ఒంట్లోంచి పోదు. పిల్లలు మాటలు వినరు, ఒళ్లు చూస్తారు.

మా బావ

రిటైరయ్యాక మా పెద్దక్క భర్త, ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారం చేసి కొడుక్కి అప్పగించేసిన మనిషి, వయొలిన్ నేర్పమని వచ్చాడు. అరవై దాటాయి, వేళ్లు మొద్దు. వద్దన్నాను.

"నీకొచ్చింది నాకు రాదేటే? రోజుకి అరగంట. విసుగొస్తే పోతాను," అన్నాడు.

చెప్తే నమ్మరు, అంత అపస్వరం నా సర్వీసులో వినలేదు. స రి గ మ లో స తప్ప మిగతావన్నీ సొంతవి. కానీ రోజూ సాయంత్రం కాఫీ తాగి, తుండుగుడ్డ పరుచుకుని, పెళ్లి భోజనానికి కూర్చున్నట్టు సంబరంగా కూర్చునేవాడు. తప్పు వాయించి తనే ముందు నవ్వేవాడు.

"బావా, తప్పు పోతోంది," అంటాను నేను పళ్లు నూరుతూ.

"పోతే ఏటవుతాది కనకం? వడ్లు తడిసిపోతాయేటి?"

నిజమే, ఏమవుతుంది? పదేళ్ల వయసు నుంచీ నాకు ఏదో అవుతుందనే భయం. ఆ ఏదో ఏమిటని ఒక్కసారీ అడగలేదు. మా బావ ఆరు నెలల్లో అలంకారాల దాకా వచ్చాడు. ఇప్పటికీ అపస్వరమే, కానీ బొటనవేలు మాత్రం దూదిలా ఉంటుంది. చేతి పట్టు చూసి మార్కులు వేయమంటే మా మాస్టారి కంటే, నా కంటే ఆయనకే ఎక్కువ వేస్తాను. ఈ మాట ఆయనకి చెప్పలేదు, చెప్తే ఊరంతా చెప్పుకుని తిరుగుతాడు.

చెప్పక తప్పని మాటలు

మీలో కొందరు గింజలు లేవు కదా అని ధైర్యంగా ఉన్నారు. వాట్సాప్ గ్రూపులో రోజూ సాధన వీడియో పెట్టమంటున్నారు. పెట్టకపోతే అందరి ముందూ పేరు చదువుతున్నారు. ఇంకొకరు ఫోన్లో ఏదో యాప్ పెట్టారట, ఒక్కరోజు మానేస్తే ఇన్నాళ్లూ వాయించిన లెక్క సున్నాకి వచ్చేస్తుందట. అవి చింతగింజలు కాకపోతే ఇంకేమిటి? మా మాస్టారికి కనీసం గిన్నె మోసుకురావాల్సిన శ్రమ ఉండేది.

పిల్లకి ఇంకా కాసేపు వాయించాలని ఉన్నప్పుడే ఆపించండి. మర్నాడు పెట్టె తనే తెరుస్తుంది. కష్టమైన వర్ణంతో పాటు తనకి ఇష్టమైనది, అది సినిమా పాటైనా సరే, పాఠంలో ఉండనివ్వండి. శాస్త్రీయం మైలపడదు. చెయ్యి నొప్పి అంటే నమ్మండి. నొప్పి లేదన్నా ఒక్కొక్కప్పుడు నమ్మకండి. తప్పు పోయినప్పుడు పిల్ల ముందుగా చూసేది వయొలిన్ వైపు కాదు, మీ ముఖం వైపు. అక్కడ ఏం కనిపిస్తే జీవితాంతం దాన్నే చూస్తూ వాయిస్తుంది. క్రమశిక్షణ అక్కర్లేదా అంటారు. కావాలి. రోజూ కూర్చోవడం క్రమశిక్షణ, బిక్కుబిక్కుమంటూ కూర్చోవడం కాదు.

ఇవన్నీ నేను పాటించానా అంటే సగం పాటించాను. మిగతా సగం నా నోటి దూకుడు తినేసింది.

కల్యాణ మండపం

పోయిన వేసవిలో ఆమదాలవలసలో మా బంధువుల రిసెప్షనుకి వెళ్లాను. వేదిక పక్కన వాద్య బృందం పెట్టారు. కీబోర్డు, ప్యాడ్లు, వయొలిన్. ఏదో సినిమా పాట. నేను అలవాటు కొద్దీ ముందు కమాను చూశాను. కొస నుంచి కొస దాకా పోతోంది, తొందర లేదు, ఒత్తిడి లేదు. ఎవరు నేర్పారో గానీ బాగా నేర్పారనుకున్నాను. తర్వాత ముఖం చూశాను. రాజేశ్వరి.

పొందూరు వసారాలో చివరిసారి చూసి ఏడేళ్లు దాటింది. చెన్నై వెళ్లిందో లేదో, ఎక్కడ నేర్చుకుందో, డిప్లొమా మాట ఏమైందో నాకేమీ తెలియదు. ఒక్కటే కనిపించింది, వాయిస్తోంది. కమాను పట్టుకుంది. అంతలో చరణంలో ఒకచోట వేలు జారి అపస్వరం పలికింది. కీబోర్డు అబ్బాయి వంక చూసి నవ్వింది. ఆ అబ్బాయీ నవ్వాడు. పాట ఆగలేదు.

నేను జనాన్ని తోసుకుంటూ ముందుకి వెళ్లాను. ఆ రోజు వసారాలో అనలేకపోయిన మాట ఈ రోజైనా అనేయాలి. క్షమించమ్మా, అంతే. మూడు అడుగుల్లో వేదిక అందేది.

అప్పుడు నన్ను చూసింది.

నవ్వు ఆగిపోయింది. భుజాలు చెవుల దాకా లేచాయి. అంత పొడుగున సాగిన కమాను జానెడు కొలతకి కురచైపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు ఐస్‌క్రీములు తింటున్నారు, ఎవరికీ ఏమీ తెలియలేదు. నాకు తెలిసింది. ఇంకొక్క అడుగు వేస్తే ఆ చెయ్యి ఏమవుతుందో కూడా తెలిసింది. నేను వెళ్లి క్షమించమంటే నా గుండె తేలికపడుతుంది. ఆ పిల్ల మాత్రం నా కోసం వయొలిన్ కింద పెట్టాలి.

వెనక్కి తిరిగాను. భోజనాల హాలు దాటి, వంటవాళ్ల వైపు వెళ్లి, అక్కడ బోర్లించిన ఒక గంగాళం మీద కూర్చున్నాను. అక్కణ్ణించి వేదిక కనపడదు. చెవులు అటే పెట్టాను. వయొలిన్ ఒకచోట తడబడింది, ఆగింది. కీబోర్డు ఒంటరిగా నాలుగు ఆవర్తాలు నడిచింది. తర్వాత వయొలిన్ వచ్చి కలిసింది. మెల్లగా కమాను పొడుగైంది. ఆ పాట అయ్యాక ఇంకోటి, ఇంకోటి. కదలకుండా విన్నాను. అంతసేపు ఒకచోట కూర్చోవడం నా ఎరుకలో అదే మొదలు.

అన్నం వారుస్తున్న ఆవిడ నా కళ్లు తుడుచుకోవడం చూసినట్టుంది. గరిటె పక్కన పెట్టి అడిగింది.

"ఆ వయొలిన్ అమ్మాయి మీకేటవుతాది?"

ముప్ఫై ఏళ్లు ఎవరు బాగా వాయించినా నా శిష్యురాలని చెప్పుకుని తిరిగినదాన్ని.

"ఏటీ అవదమ్మా," అన్నాను. "బాగా వాయిస్తందని ఇంటన్నాను."